ముగింపు చమత్కారం లేని హాస్యం: స్పైక్ మిలిగన్ ప్రభావం ఎక్కడిదాకా?

పాతరేడియో (హైదరాబాదు)

మిత్రులందరికీ నమస్కారం. ఈ వేదికలో బ్రిటిష్ హాస్యం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మాట మాంటీ పైథాన్ అనే టెలివిజను హాస్య బృందంతోనే మొదలవుతోంది. ఆ బృందాన్ని నేనూ అభిమానిస్తాను. కానీ వారికి దారి వేసిన మనిషి పేరు ఎక్కడా కనిపించకపోవడం నాకు బాధగా ఉంది. ఆయన స్పైక్ మిలిగన్. అసలు పేరు టెరెన్స్ అలన్ మిలిగన్. 1918 ఏప్రిల్ 16న మన దేశంలోనే, అహ్మద్‌నగర్‌లో పుట్టాడు. 2002 ఫిబ్రవరి 27న ఇంగ్లండులో రై పట్టణం సమీపంలోని తన ఇంట్లో కన్నుమూశాడు.

1951 మే 28న బీబీసీ రేడియోలో 'క్రేజీ పీపుల్' అనే పేరుతో మొదలై, తరువాత 'ది గూన్ షో'గా మారి, 1960 జనవరి దాకా సాగిన కార్యక్రమానికి ప్రధాన రచయిత ఆయనే. పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకోంబ్, తొలి రోజుల్లో మైకేల్ బెంటీన్ ఆయనతో పాటు గొంతులు ఇచ్చారు. లారీ స్టీఫెన్స్, ఎరిక్ సైక్స్ రచనలో తోడు నిలిచారు కనుక ఘనతనంతా ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. అయినా ఆ కార్యక్రమపు లోకాన్ని నడిపిన తర్కం మిలిగన్‌దేనని నా నమ్మకం.

ఒక ఉదాహరణ చెబుతాను. 1957 నాటి ఒక భాగంలో బ్లూబాటిల్ అనే పాత్ర ఎక్లెస్‌ను టైము ఎంతని అడుగుతాడు. ఎక్లెస్ జేబులోంచి ఒక కాగితం తీసి ఎనిమిది గంటలని చెబుతాడు. ఉదయం ఒక పెద్దమనిషిని టైము అడిగితే ఆయన రాసిచ్చిన కాగితమట అది. ఎవరు అడిగినా దాన్నే చూసి చెబుతాడు. అడిగే సమయానికి ఎనిమిది కాకపోతే ఎలా అన్న ప్రశ్నకూ అతని దగ్గర జవాబు ఉంటుంది: ఎనిమిది కాకపోతే ఎవరికీ చూపించడు. ఈ సంభాషణలో పెద్ద నవ్వు పుట్టించే ఆఖరి మాట ఒకటి కోసం ఎదురుచూస్తే దొరకదు. ఆ మొత్తం తర్కమే హాస్యం. అధివాస్తవికత (సర్రియలిజం, అంటే మామూలు తర్కాన్ని తలకిందులు చేసే ధోరణి) అంటే అర్థంలేని మాటలు గుప్పించడం అనుకునేవారికి నేను ఈ ఘట్టాన్నే చూపిస్తాను, ఎందుకంటే ఇందులో ప్రతి మాటా ముందు మాటకు కచ్చితంగా జవాబే, ఒక్క మొదటి మెట్టు మాత్రమే తప్పు.

ఆయన ప్రభావం ఎవరి మీద, ఏ రచనలో, ఏ రూపంలో ఉందో ఆధారంతో చూపించగలిగినవారు రాయవలసిందిగా కోరుతున్నాను. ఊరికే గొప్పవాడు అని రాస్తే ఆయనకు మేలు జరగదు.

పుణే_బాటసారి

పాతరేడియో గారూ, ఈ చర్చ మొదలుపెట్టినందుకు కృతజ్ఞతలు. నేను 19 ఏళ్లుగా పుణేలో ఉంటున్నాను, అహ్మద్‌నగర్‌కు ఎన్నోసార్లు వెళ్లాను. మిలిగన్ కథ అక్కడి కంటోన్మెంటు నుంచే మొదలుపెట్టాలి.

ఆయన తండ్రి లియో మిలిగన్ ఐర్లండులో పుట్టి, బ్రిటిష్ ఫిరంగి దళంలో పనిచేస్తూ భారతదేశానికి వచ్చాడు. తల్లి ఫ్లారెన్స్ ఇంగ్లండు మనిషి. లియోకు నాటకాల మీద, పాటల మీద ఎంతో ఆసక్తి. సైనికుల వినోద కార్యక్రమాల్లో వేషాలు వేసేవాడు. పిల్లవాడు పుణేలో కాన్వెంటు చదువు చదివాడు, తరువాత కుటుంబం రంగూన్ వెళ్లింది. 1930ల తొలి ఏళ్లలో వారు లండను చేరే సరికి, ఆ పిల్లవాడు తెలిసిన లోకం వదిలి తెలియని 'స్వదేశానికి' వచ్చినట్టయింది. ఎండ, నౌకర్లు, కవాతులు, బ్యాండు మేళాల మధ్య పెరిగినవాడికి దక్షిణ లండనులోని చలి, చిన్న ఇల్లు, డబ్బు ఇబ్బంది ఎలా తోచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

గూన్ షోలో మేజర్ బ్లడ్‌నాక్ అనే పాత్ర ఉంది. భారతదేశంలో కొలువు చేసి వచ్చిన సైన్యాధికారి, పిరికివాడు, డబ్బు కోసం ఎంతకైనా దిగజారేవాడు, కారపు కూరలతో కడుపు పాడుచేసుకున్నవాడు. సామ్రాజ్యం తన అధికారులను వీరులుగా చిత్రించుకుంటున్న దేశంలో, ఆ అధికారులను చిన్నప్పుడు కింది నుంచి చూసిన సామాన్య సైనికుడి కొడుకు రాసిన పాత్ర అది. ఆ గొంతు ఇచ్చినవాడు సెల్లర్స్, కానీ ఆ మనిషిని ఎరిగినవాడు మిలిగన్. 1950ల బ్రిటన్‌లో, లక్షలమంది వినే రేడియోలో, అధికారాన్ని ఇంత బాహాటంగా చిన్నబుచ్చిన రచన అరుదు. తరువాతి తరపు హాస్య రచయితలు సైనికాధికారులను, మంత్రులను, పోలీసులను మూర్ఖులుగా చూపించడానికి జంకకపోవడానికి ఇక్కడే బీజం పడిందని నా అభిప్రాయం.

శబ్దశిల్పి (విజయవాడ)

నేను రేడియో నాటకాలకు శబ్దాలు సమకూర్చే పనిలో చాలా ఏళ్లు గడిపాను, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. అందుకే ఈ చర్చలో నాకు తెలిసిన ఒక్క విషయం గురించే రాస్తాను, కానీ అది కొంచెం వివరంగా రాయాలి.

రేడియో నాటకంలో శబ్దం మామూలుగా సేవకుడి పని చేస్తుంది. తలుపు మూసుకుంది, గుర్రం వచ్చింది, వర్షం పడుతోంది అని శ్రోతకు తెలియజేసి పక్కకు తప్పుకుంటుంది. ఎండు కొబ్బరి చిప్పలు కొట్టి గుర్రపు డెక్కల చప్పుడు చేసే పద్ధతి మనకూ ఉంది, వాళ్లకూ ఉంది. మిలిగన్ చేసిన మార్పు ఏమిటంటే, శబ్దాన్ని సేవకుడి స్థానం నుంచి పాత్ర స్థానానికి తీసుకువచ్చాడు. అతని రచనలో అడుగుల చప్పుడు ఒకటి బయలుదేరి, దూరంగా వెళ్లి, మెట్లు ఎక్కి, ఇంకెక్కడికో వెళ్లి, అసలు రాకూడని చోటు నుంచి తిరిగి వస్తుంది. దానికి మాటలు అక్కర లేదు. శ్రోతకు కనిపించే బొమ్మ ఎవరూ గీయలేనిది.

1955 నాటి 'నెపోలియన్స్ పియానో' అనే భాగంలో, లూవ్ర్ ప్రదర్శనశాలలోని పియానోను ఇంగ్లండుకు తరలిస్తానని సీగూన్ అనే అమాయకుడు అయిదు పౌండ్ల కోసం ఒప్పందం మీద సంతకం పెడతాడు. చివరకు ఆ పియానోనే పడవగా చేసుకుని సముద్రం దాటడానికి బయలుదేరతారు. సినిమాలో తీయాలంటే ఎంత ఖర్చో ఆలోచించండి. రేడియోలో అలల చప్పుడు, పియానో మెట్లు, ముగ్గురు మనుషుల గొంతులు చాలు. ఈ మాధ్యమంలో అసాధ్యానికి ఖర్చు లేదని పూర్తిగా అర్థం చేసుకున్న మొదటివాళ్లలో ఆయన ఒకడు.

ఆయనకు కావలసిన శబ్దం దొరకకపోతే ఊరుకునేవాడు కాడు. కస్టర్డు నింపిన మేజోడు గోడకు తగిలితే వచ్చే చప్పుడు కోసం, బీబీసీ క్యాంటీనులో కస్టర్డు చేయించి, తన మేజోడులోనే పోసి విసిరి చూశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ చప్పుడు ఆయన ఊహించినట్టు రాలేదని కూడా అదే కథ చెబుతుంది. ఈ పని చేసినవాడిగా నాకు ఆ కథలోని రెండో సగమే నచ్చుతుంది. నిజమైన వస్తువు నిజమైన శబ్దం ఇవ్వకపోవడం మాకు రోజూ ఎదురయ్యే అనుభవమే. నిప్పు చప్పుడు కావాలంటే నిప్పు రాజేయం, పల్చని కాగితం నలుపుతాం.

1958లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాపు అనే ప్రయోగశాల మొదలైంది. టేపును ముక్కలు చేసి అతికించడం, వేగం మార్చడం, వెనక్కి నడిపించడం లాంటి పద్ధతులతో కొత్త శబ్దాలు పుట్టించే చోటు అది. మేజర్ బ్లడ్‌నాక్ కడుపులో రేగే అలజడికి శబ్దం అక్కడే తయారైంది. తరువాత అదే ప్రయోగశాల 'డాక్టర్ హూ' ధారావాహిక సంగీతాన్ని, 1978లో డగ్లస్ ఆడమ్స్ రాసిన అంతరిక్ష హాస్య నాటకానికి శబ్దాలను సమకూర్చింది. హాస్యానికి శబ్దప్రయోగం అవసరమేనని ఒక పెద్ద సంస్థను ఒప్పించిన వారిలో మిలిగన్‌కు వాటా ఉంది.

దక్షిణలండన్

శబ్దశిల్పి గారూ, మీరు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను. రికార్డింగు గది నుంచే ఇంకో దారి చీలింది, అది బీటిల్స్ సంగీత బృందం దాకా వెళుతుంది.

జార్జ్ మార్టిన్ బీటిల్స్ పాటలకు నిర్మాత కాకముందు పార్లోఫోన్ సంస్థలో హాస్య రికార్డులు చేసేవాడు. పీటర్ సెల్లర్స్‌తో, మిలిగన్‌తో కలిసి పనిచేశాడు. గొంతు వేగం మార్చడం, విచిత్రమైన శబ్దాలు పొదగడం ఆయనకు ఆ రికార్డుల దగ్గరే అలవాటయింది. బీటిల్స్ బృందపు లివర్‌పూల్ కుర్రవాళ్లు ఆయనను మొదటిసారి కలిసినప్పుడు, ఈయన గూన్ బృందంతో పనిచేసినవాడన్న విషయమే వారికి గొప్పగా అనిపించింది. వారిలో జాన్ లెనన్ చిన్నతనమంతా ఆ కార్యక్రమం వింటూ పెరిగాడు. 1964లో వెలువడిన అతని మొదటి పుస్తకంలో మాటలను విరిచి, వంచి, వేరే మాటలతో అతికించే పద్ధతి మీద ఆ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. 1973లో గూన్ షో రచనల సంపుటి మీద న్యూయార్క్ టైమ్స్ పత్రికకు సమీక్ష రాసింది కూడా లెననే.

సినిమా వైపు చూస్తే రిచర్డ్ లెస్టర్ కనిపిస్తాడు. సెల్లర్స్, మిలిగన్‌లతో కలిసి ఒక పొలంలో, చాలా తక్కువ ఖర్చుతో, సుమారు 11 నిమిషాల చిన్న చిత్రం ఒకటి తీశాడు. దానికి ఆస్కార్ నామినేషను వచ్చింది. ఆ చిత్రం బీటిల్స్‌కు ఎంతగానో నచ్చింది. 1964లో వారి మొదటి సినిమాకు లెస్టర్ దర్శకుడు కావడానికి అదొక కారణం. పాటకు, కథకు సంబంధం లేకుండా నలుగురు మనుషులు ఒక మైదానంలో పరుగులు తీస్తూ గంతులు వేసే దృశ్యం ఆ సినిమాలో ఉంది. ఈనాటి సంగీత వీడియోలకు అది పూర్వరూపమని చాలామంది అంటారు. ఆ మైదానం వెనుక ఆ చిన్న చిత్రంలోని పొలం ఉంది.

ఇక మాంటీ పైథాన్ సంగతి. 1969 మార్చిలో బీబీసీ రెండో ఛానెల్‌లో మిలిగన్ 'క్యూ5' అనే టెలివిజను కార్యక్రమం మొదలైంది. పైథాన్ బృందపు మొదటి ప్రసారం అదే ఏడాది అక్టోబరు 5న. మిలిగన్ ఘట్టాలు మధ్యలో ఆగిపోయేవి, ఒకదానిలోంచి ఇంకొకటి పుట్టేది, నటుల దుస్తులకు బీబీసీ దుస్తుల విభాగపు చీటీలు అలాగే వేలాడుతూ ఉండేవి. క్యూ వరస కార్యక్రమాల్లో, ముగింపు దొరకని ఘట్టం చివర నటులందరూ 'ఇప్పుడేం చేద్దాం?' అని పదే పదే అంటూ కెమెరా వైపు నడిచి వచ్చేవారు. తాము చేయాలనుకుంటున్న పనిని మిలిగన్ అప్పటికే చేసేశాడని పైథాన్ బృందంలోని టెరీ జోన్స్ తరువాత పలుమార్లు చెప్పుకున్నాడు. పైథాన్ బృందం క్యూ5 చివర పేర్లలో దర్శకుడు ఇయాన్ మెక్‌నాటన్ పేరు చూసి, తమ కార్యక్రమానికి కూడా ఆయననే కోరుకుంది. ఇంతకంటే నేరుగా చూపించగలిగిన ప్రభావం హాస్య చరిత్రలో అరుదు.

అయితే క్యూ5 టేపులను ఆనాటి అలవాటు ప్రకారం చాలావరకు తుడిచేశారు. కొన్ని భాగాలే మిగిలాయి. పైథాన్ భాగాలు మాత్రం భద్రంగా ఉన్నాయి, ప్రపంచమంతా తిరిగాయి. పాతరేడియో గారు బాధపడిన మరపుకు ఇది ముఖ్య కారణమని నేను అనుకుంటున్నాను. మిగిలిన సరుకే చరిత్ర అవుతుంది కదా.

నిర్మొహమాటం

పై టపాలన్నీ శ్రద్ధగా చదివాను, చాలా విషయాలు కొత్తగా తెలిశాయి. కానీ ఒక విషయం ఎవరూ ఎత్తకపోవడం వల్ల నేను ఎత్తుతున్నాను. మిలిగన్, సెల్లర్స్ ఇద్దరూ భారతీయుల యాసను నవ్వుల సరుకు చేశారు. గూన్ షోలో లాల్‌కాకా, బెనర్జీ అనే రెండు పాత్రలు ఉన్నాయి. 1969లో 'కర్రీ అండ్ చిప్స్' అనే ధారావాహికలో మిలిగన్ ముఖానికి గోధుమ రంగు పూసుకుని, ఐరిష్ పేరున్న పాకిస్తానీ కార్మికుడిగా నటించాడు. ఫిర్యాదులు వచ్చాయి, ప్రసార నియంత్రణ సంస్థ ఆదేశంతో ఆరు భాగాల తరువాత అది ఆగిపోయింది. 1975లో అలాంటిదే ఇంకొకటి మొదలుపెడితే ఒక్క భాగం మాత్రమే ప్రసారమైంది.

మా పెదనాన్నగారు 1960ల చివర్లో ఇంగ్లండు మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఒక కర్మాగారంలో పనిచేశారు. తోటి కార్మికులు ఆయనతో మాట్లాడేటప్పుడు తల ఆడిస్తూ టెలివిజనులో విన్న యాసను అనుకరించేవారట. ఆ మాట ఆయన 80 ఏళ్లు దాటాక కూడా నవ్వకుండానే చెప్పేవారు. ప్రభావం అని మనం మాట్లాడుకుంటున్నప్పుడు ఆ కర్మాగారంలో పడిన ప్రభావాన్ని కూడా లెక్కలో వేయాలి. అహ్మద్‌నగర్‌లో పుట్టాడు కనుక మనవాడు అని మురిసిపోయే ముందు దీనికి జవాబు చెప్పాలని కోరుతున్నాను.

పుణే_బాటసారి

నిర్మొహమాటం గారూ, మీ పెదనాన్నగారి అనుభవం ముందు వాదనకు తావు లేదు. 'మనవాడు' అనే మాట నేను వాడలేదు గానీ, నా టపాలో ఆ మురిపెం ధ్వనించి ఉంటే దిద్దుకుంటాను.

మిలిగన్ ఆ వేషాలను ప్రేమతోనే వేశానని భావించి ఉండవచ్చు, తెల్లవారి జాతి దురహంకారాన్నే ఎగతాళి చేస్తున్నానని అనుకుని ఉండవచ్చు. అయినా చూసేవారు నవ్వింది దురహంకారిని చూసి కాదు, రంగు పూసుకున్న ముఖాన్ని చూసి. బ్లడ్‌నాక్ పాత్రలో ఆయన పై అధికారిని చూసి నవ్వించాడు. 'కర్రీ అండ్ చిప్స్'లో కిందివాడిని చూసి నవ్వడానికి అవకాశం ఇచ్చాడు. ఒకే మనిషి, ఒకే భారతదేశపు జ్ఞాపకం, రెండు ఫలితాలు. నా మటుకు నేను మొదటిదాన్ని ఆదరిస్తాను, రెండోదాన్ని సమర్థించను.

దక్షిణలండన్

దీనికి కొనసాగింపుగా ఒక వాస్తవం చేర్చాలి. 1960లో సెల్లర్స్, సోఫియా లారెన్ కలిసి పాడిన ఒక రికార్డు వచ్చింది. అందులో సెల్లర్స్ భారతీయ వైద్యుడి యాసలో పాడతాడు. 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' అనే ఆ పాట పేరునే, 1996లో బీబీసీ రేడియోలో, 1998 నుంచి టెలివిజనులో, బ్రిటన్‌లో పెరిగిన దక్షిణాసియా కళాకారులు తమ హాస్య కార్యక్రమానికి పెట్టుకున్నారు. మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్, కుల్విందర్ ఘిర్, నీనా వాడియా అందులో నటించారు. ఆంగ్లేయులు భారతీయ హోటలుకు వెళ్లి ప్రవర్తించే తీరును తలకిందులు చేసి, భారతీయులు ఇంగ్లీషు హోటలుకు వెళ్లి అక్కడ అత్యంత చప్పని వంటకం అడిగే ఘట్టం వారిది ఎంతో ప్రసిద్ధం.

దీన్ని మిలిగన్ ఖాతాలో వేసి ఆయనను నిర్దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. గొంతును, మాట తీరును ఆయుధంగా వాడే విద్య గూన్ తరం నేర్పింది. దాని దెబ్బ తిన్నవారి పిల్లలు ఆ ఆయుధాన్నే చేతిలోకి తీసుకుని దాని మొనను అటువైపు తిప్పారు. ఆ ఘట్టాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు ఇంట్లో అందరం కలిసి కూర్చుని ఉన్నాం. మా నాన్నగారు కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. ఈ దేశంలో టెలివిజను చూసి ఆయన అలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

మనోవైద్య_విద్యార్థి

మిలిగన్ గురించి రాసేవారు తప్పనిసరిగా ఆయన మానసిక వ్యాధి ప్రస్తావన తెస్తారు, సాధారణంగా 'పిచ్చీ ప్రతిభా ఒకటే' అనే ధోరణిలో. వైద్యవిద్య చదువుతున్న మనిషిగా ఆ ధోరణి నాకు బాధ కలిగిస్తుంది, కాబట్టి తెలిసిన వరుసలో చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఫిరంగి దళంలో వార్తాసంకేతాలు అందించే సైనికుడు. ఉత్తర ఆఫ్రికాలో పోరాడాడు, 1944 జనవరిలో ఇటలీలో మోంటే కసీనో ప్రాంతంలో మోర్టారు దెబ్బకు గాయపడ్డాడు. శరీరపు గాయం కంటే మనసుకు తగిలిన దెబ్బ పెద్దది. వణుకు, ఏడుపు ఆగేవి కావు. అది జబ్బని గుర్తించడానికి బదులు, పై అధికారి ఆయనకు ఉన్న చిన్న హోదాను తీసేశాడు. తరువాత రేడియో కోసం వారం వారం కొత్త రచన ఇవ్వవలసి వచ్చింది. చాలా వరసల్లో ఇరవైకి పైగా భాగాలు. 1952 చివర్లో ఆయన పూర్తిగా కుప్పకూలి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తరువాత జీవితమంతా ఉన్మాదానికీ కుంగుబాటుకూ మధ్య ఊగిసలాడే వ్యాధితో బతికాడు.

వ్యాధి ఆయనకు హాస్యం ఇవ్వలేదని నా నమ్మకం. వ్యాధి ఆయన నుంచి నెలల తరబడి పనిని, ఒక కాపురాన్ని లాక్కుంది. ఆయన ఇచ్చినది వేరు. 1993లో మనోవైద్యుడు ఆంథొనీ క్లేర్‌తో కలిసి కుంగుబాటు గురించి పుస్తకం రాశాడు. అంత పేరున్న మనిషి తన వ్యాధిని దాచకుండా, వేళాకోళం చేయకుండా టెలివిజనులోనూ పుస్తకంలోనూ మాట్లాడటం ఆ తరంలో అరుదు. ఆయన ప్రభావాల జాబితాలో ఇది హాస్యం పక్కనే ఉండాలి.

పాతరేడియో

మనోవైద్య_విద్యార్థి గారు యుద్ధం ప్రస్తావన తెచ్చారు కనుక ఒక సంగతి గుర్తుచేస్తాను. గూన్ షోలోని పేలుళ్లు అన్నీ ఇన్నీ కావు. పాత్రలు పేలిపోతాయి, మరుక్షణం మాట్లాడతాయి, వచ్చే వారం మళ్లీ హాజరవుతాయి. ముఖ్యంగా బ్లూబాటిల్ దాదాపు ప్రతివారం చనిపోయేవాడు. ఫిరంగుల మధ్య స్నేహితులను పోగొట్టుకున్న మనిషి, ఎవరూ శాశ్వతంగా చావని యుద్ధాన్ని తొమ్మిదేళ్ల పాటు రాశాడు. 1954 నాటి ఒక భాగంలో బెక్స్‌హిల్ అనే సముద్రతీరపు ఊళ్లో, యుద్ధకాలపు చీకటిలో, ఎవడో మనుషుల మీద పిండివంటలు విసురుతుంటాడు. మిలిగన్ దళం యుద్ధారంభంలో ఆ బెక్స్‌హిల్‌లోనే కాపలా కాసింది. ఊరు నిజం, చీకటి నిజం, భయం నిజం, విసిరిన వస్తువు ఒక్కటే మారింది.

సీకోంబ్‌తో పరిచయం గురించి మిలిగన్ చెప్పిన కథ కూడా ఇలాంటిదే. ట్యునీషియాలో వారి భారీ ఫిరంగి ఒకటి కొండ అంచు నుంచి కిందికి దొర్లిపోయింది. కింద సీకోంబ్ దళం ఉంది. మిలిగన్ దిగి వెళ్లి, ఎవరైనా ఫిరంగి చూశారా అని అడిగాడు. సీకోంబ్ ఏ రంగుది అని అడిగాడు. ఆ ఒక్క జవాబులో గూన్ షో అంతా ఉంది.

బడిగంట (కరీంనగర్)

నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. పెద్దల హాస్యం గురించి నాకు అంతగా తెలియదు గానీ, మిలిగన్ పిల్లల కవితల ద్వారా నాకు పరిచయం. 1959లో ఆయన పిల్లల కోసం ప్రచురించిన పుస్తకంలో నింగ్ నాంగ్ నోంగ్ అనే లేని ఊరి గురించి ఒక కవిత ఉంది. అక్కడ ఆవులు, కోతులు, టీ కెటిళ్లు తమకు తోచిన శబ్దాలు చేస్తుంటాయి. 1998లో బ్రిటన్‌లో జరిపిన ఒక ఎన్నికలో అది ప్రజలకు అత్యంత ఇష్టమైన హాస్య కవితగా నిలిచింది. అక్కడి బడుల్లో ఇప్పటికీ నేర్పుతారు.

దాన్ని తెలుగులోకి తేవాలని ఒక వేసవి అంతా ప్రయత్నించి విఫలమయ్యాను. అర్థం ఉంటే మార్చవచ్చు, అర్థమే లేని చోట మార్చడానికి ఏముంటుంది? అప్పుడు మా అమ్మమ్మ చెప్పిన 'కాళ్ళా గజ్జా కంకాళమ్మ, వేగు చుక్కా వెలగ మొగ్గ' గుర్తొచ్చింది. పిల్లలు కాళ్లు చాపి కూర్చుని ఆడుకునే ఆ పాటలో ఒక మాటకు ఇంకొక మాటతో సంబంధం అర్థం వల్ల కాదు, చెవికి ఇంపు వల్ల. అంటే ఆ విద్య మనకు కొత్తది కాదు. శ్రీశ్రీ కూడా ఇంగ్లీషు లిమరిక్ (అయిదు పాదాల హాస్య పద్యం) పద్ధతిని తెలుగులోకి తెచ్చి, దానికి 'లిమఋక్కులు' అని తెలుగు పేరే పెట్టాడు. అది మిలిగన్ నుంచి వచ్చిందని నేను అనడం లేదు. మాటల మోతతో ఆడుకునే మనసు అక్కడా ఇక్కడా ఉందని మాత్రమే చెబుతున్నాను.

అనువాదం మానేసి, మూడో తరగతి పిల్లలకు ఆ కవితలోని సూత్రం ఒక్కటే చెప్పాను: లేని ఊరు ఒకటి కట్టండి, అక్కడ ప్రతి వస్తువూ చేయకూడని చప్పుడు చేయాలి. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, 'టింగురంగడి తోటలో దోసకాయ ఢాం అంటుంది, దొంగ పిల్లి సారీ అంటుంది' అంది. మిగిలినవాళ్లు అందుకున్నారు. గంట కొట్టినా ఎవరూ కదలలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు తరగతిలో మాట్లాడుతోంది.

దక్షిణలండన్

బడిగంట గారూ, మీ టపా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

రెండేళ్ల క్రితం ససెక్స్‌లోని వించెల్సీ గ్రామానికి, సెయింట్ థామస్ చర్చి ఆవరణలో ఉన్న ఆయన సమాధి చూడటానికి వెళ్లాను. 'నాకు ఒంట్లో బాగాలేదని మీకు చెప్పానుగా' అనే మాట తన సమాధి మీద ఉండాలని మిలిగన్ కోరుకున్నాడు. ఇంగ్లీషులో అలా చెక్కడానికి చర్చి అధికారులు ఒప్పుకోలేదు. చివరకు కుటుంబం ఆ మాటనే ఐరిష్ భాషలో చెక్కించింది, దానికి అనుమతి దొరికింది. ఆయన ఐరిష్ పౌరుడు కావడం వెనుక కూడా ఒక కథ ఉంది. తండ్రి పుట్టింది ఐర్లండులో, తాను పుట్టింది భారతదేశంలో కావడంతో 1960ల మొదట్లో బ్రిటిష్ పాస్‌పోర్టు విషయంలో చిక్కు వచ్చింది. ఆ దేశం కోసం యుద్ధంలో గాయపడిన మనిషిని మళ్లీ విధేయతా ప్రమాణం చేయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు, ఐర్లండు పౌరసత్వం తీసుకున్నాడు. చివరి ఏళ్లలో బ్రిటన్ ఇచ్చిన నైట్ బిరుదు కూడా అందుకే గౌరవపూర్వకమైనదిగానే మిగిలింది.

ఎక్కడా పూర్తిగా స్థానికుడు కాలేకపోయిన మనిషికి, ఏ కట్టుబాటూ సహజంగా కనిపించదు. పరాయి దేశంలో పిల్లలను పెంచుతున్న నాకు ఆయన రచన దగ్గరగా తోచడానికి అదే కారణం కావచ్చు.

నిర్మొహమాటం

నేను అడిగిన ప్రశ్నను దాటవేయకుండా జవాబు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం రెండు భాగాలు విన్నాను. ఒకటి పాతరేడియో గారు చెప్పిన బెక్స్‌హిల్ కథ, రెండోది 1955 జనవరి నాటిది. అంతకుముందు నెలలోనే బీబీసీ టెలివిజను, నియంతృత్వ రాజ్యం గురించి జార్జ్ ఆర్వెల్ రాసిన నవల '1984'ను నాటకంగా ప్రసారం చేసింది. మిలిగన్ బృందం దానికి '1985' అని పేరు మార్చి, నియంతృత్వపు స్థానంలో తమకు జీతం ఇస్తున్న బీబీసీనే పెట్టింది. ఆ ధైర్యం నాకు నచ్చింది. రంగు పూసుకున్న వేషాల గురించి నా అభిప్రాయం మారలేదు, మారదు కూడా. కానీ ఇన్నాళ్లూ వాటి కారణంగా మిగతాది వినకుండా ఉన్నాను. ఇకపై వింటాను.

బడిగంట గారూ, మీ పిల్లల కవిత పూర్తిపాఠం ఉంటే ఇక్కడ ఉంచగలరా?

బడిగంట

తప్పకుండా ఉంచుతాను. మొత్తం 14 పంక్తులు వచ్చాయి, పిల్లలు ఇంకా చేరుస్తున్నారు. వచ్చే నెల బడి వార్షికోత్సవంలో దాన్ని వేదిక మీద చదివించాలని ఉంది. శబ్దశిల్పి గారిని ఒక సాయం అడగవచ్చా? దోసకాయ ఢాం అనే చప్పుడు ఎలా చేయాలో మాకు తెలియడం లేదు. పిల్లలు నిజం దోసకాయలు రెండు నేలకేసి కొట్టి చూశారు, మెత్తగా చప్పుడైంది తప్ప ఢాం అనలేదు.

శబ్దశిల్పి

అమ్మా, దోసకాయ ఎప్పుడూ దోసకాయలా మోగదు. ఖాళీ నూనె డబ్బా ఒకటి, తడిపిన గోనెసంచి ఒకటి తెప్పించండి. డబ్బాను సంచిలో చుట్టి, బోలుగా ఉన్న చెక్క బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టించండి. మైకు బల్ల కింద పెట్టాలి, పైన కాదు. ముందు ఆ అమ్మాయి 'దోసకాయ' అన్న తరువాత లోపల రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగాలి. ఆ ఆగడం దెబ్బకంటే ముఖ్యం. ఆదివారం నేను ఇంట్లో చేసి చూసి, రికార్డు చేసి ఇక్కడే పెడతాను. మిగిలిన 13 పంక్తులు కూడా పంపండి, ఏ చప్పుడుకు ఏం కావాలో రాసి ఇస్తాను.